కారు ‘కిర్రు’మంటే నోరు మూయించకండి!

సెకండ్ హ్యాండ్ కారు కొన్న ప్రతివాళ్లకీ ఆ రోజు వస్తుంది. ఏసీ బాగానే ఉంటుంది. పికప్ బాగానే ఉంటుంది. మైలేజీ కూడా అమ్మినాయన చెప్పినదానికి కాస్త అటూ ఇటూగా వస్తూనే ఉంటుంది. కానీ స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా కింద నుంచి ‘కిర్ర్’మని ఒక సప్పుడు. పాటల సౌండ్ పెంచితే వినపడదు. అందుకే చాలామంది పెంచేస్తారు.

భైంసాలో మా ఇంటి కారుకూ అదే వచ్చింది. 2012 మోడల్, చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నంబర్ ప్లేటు మీద ఇంకా ‘ఏపీ 01’ అనే ఉంటుంది. అంటే తెలంగాణ రాకముందు, నిర్మల్ జిల్లా పుట్టకముందు, ఉమ్మడి ఆదిలాబాద్ నాటి రిజిస్ట్రేషన్. నేను ఉండేది హైదరాబాద్‌లో. కారు నడిపేది నాన్న, పక్క సీట్లో అమ్మ. నెలకు రెండుసార్లు నిజామాబాద్ ఆస్పత్రికి వెళ్లి రావాలి. కాబట్టి నాకు తెలియాల్సింది ఒక్కటే: ఈ సప్పుడు చిరాకా, ప్రమాదమా?

చూపించిన మొదటి మెకానిక్ టెస్ట్ డ్రైవ్ కూడా చేయలేదు. “తమ్మీ, షాకప్స్ ఖతమైనయ్. రెండూ మార్చుడే” అన్నాడు. ఎనిమిది వేల లెక్క చెప్పాడు. రెండో ఆయన ఇంకా సులువు చేశాడు: “ఏం గాదు. కింద ఆయిల్ కొడితే ఆవాజ్ బంద్ అయితది. రెండొందలియ్యి.” ఇద్దరూ పనిమంతులే. కానీ ఇద్దరూ ఒక్క ప్రశ్న అడగలేదు: ‘సప్పుడు ఎప్పుడొస్తుంది?’

నిజానికి మొత్తం కథ ఆ ప్రశ్నలోనే ఉంది.

సప్పుడుకూ స్పెల్లింగ్ ఉంటుంది

ఈ విషయంలో మన భాష చాలా పనికొస్తుంది. కారు చేసే ఒక్కో శబ్దానికీ తెలుగులో ఒక్కో మాట ఉంది. ‘ఏదో నాయిస్ వస్తోంది’ అంటే మెకానిక్‌కు ఏమీ తెలియదు. సప్పుడును ఉన్నదున్నట్టు పలికితే సగం పని అయిపోయినట్టే.

‘కీఈఈచ్’ అని సన్నగా, పొద్దున స్టార్ట్ చేయగానే లేదా ఏసీ వేయగానే వస్తే ముందు చూడాల్సింది ఇంజిన్ బెల్టు. అదే కీచు బ్రేకు నొక్కినప్పుడు మారుతుంటే, లేదా ఆగిపోతుంటే బ్రేక్ ప్యాడ్లు. చాలా ప్యాడ్లకు చిన్న రేకు ముక్క ఒకటి కావాలనే పెడతారు. ప్యాడ్ అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ రేకు డిస్కుకు తగిలి అరుస్తుంది. అది లోపం అనుకోవద్దు, అలారం. రాత్రంతా తడిలో నిలబెట్టిన కారు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు కీచుమని ఆ తర్వాత ఆగిపోతే మాత్రం డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు. కంగారు అక్కర్లేదు.

‘గుయ్య్’మనే హోరు స్పీడుతో పాటు పెరుగుతూ, మలుపులో ఎక్కువో తక్కువో అయితే వీల్ బేరింగ్. స్టీరింగ్ మొత్తం తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే ‘టక్ టక్ టక్’మంటే చక్రానికి ఇంజిన్ బలాన్ని అందించే షాఫ్టులోని సీవీ జాయింట్. క్లచ్ నొక్కినప్పుడే కీచుమంటే క్లచ్ లోపలి బేరింగ్. గతుకుల్లో ‘కటకట’మంటే స్టెబిలైజర్ లింకు.

ఇక ‘కిర్ర్’. తలుపు తెరిచినట్టు, ఉయ్యాల ఊగినట్టు. ఇది సాధారణంగా సస్పెన్షన్ సప్పుడు. మా అమ్మ భాషలో ‘ఎలుక అరిచినట్టు’. మాది ఇదే.

ఎందుకు అరుస్తుంది?

ఎడ్లబండి చూసినవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. ఇరుసుకు కందెన వేయకపోతే బండి ఊరంతా వినిపించేలా కిర్రుమంటుంది. కందెన వేస్తే మౌనం. కారైనా అంతే.

రెండు వస్తువులు ఒకదాన్నొకటి రాసుకునేటప్పుడు, కదలడం మొదలుపెట్టడానికి కావాల్సిన బలం ఎక్కువ, కదులుతూ ఉండటానికి కావాల్సిన బలం తక్కువ. కందెన లేనిచోట ఏమవుతుందంటే, ఉపరితలాలు కాసేపు అతుక్కుంటాయి. బలం పెరిగి పెరిగి ఒక్కసారిగా జారుతాయి. మళ్లీ అతుక్కుంటాయి, మళ్లీ జారుతాయి. ఇది సెకనుకు వందలసార్లు జరిగితే ఆ వణుకే మనకు కీచులా, కిర్రులా వినిపిస్తుంది. వయొలిన్ తీగ మీద కమాను పలికించేదీ ఇదే, బోర్డు మీద చాక్‌పీస్ చేసే ఒళ్లు జలదరించే శబ్దమూ ఇదే. ఫ్రెంచి శాస్త్రవేత్త కులూం 18వ శతాబ్దంలోనే రాపిడి మీద లోతుగా ప్రయోగాలు చేశాడు. ఈ అతుకుడు-జారుడు వ్యవహారాన్ని 1939లో బౌడెన్, లెబెన్ అనే ఇద్దరు పరిశోధకులు లోహాల మీద వివరంగా కొలిచి చూపించారు.

మనకు కావాల్సిన నీతి ఇంతే: కిర్రుమంటోందంటే ఎక్కడో ఒకచోట ఉండాల్సిన కందెన లేదు, లేదా రాసుకోకూడనివి రాసుకుంటున్నాయి.

చెవిని నమ్మితే తప్పుదారే

‘ఎడమ పక్క ముందు నుంచి వస్తోంది’ అని మనం గట్టిగా చెప్పేస్తాం. కానీ కారులో కూర్చుని దిక్కు చెప్పడం కష్టం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. ఉక్కులో ఐదు వేల మీటర్లకు పైనే. చక్రం దగ్గర పుట్టిన శబ్దం బాడీ రేకుల గుండా పాకి డ్యాష్‌బోర్డులో తేలుతుంది. పైగా అద్దాలకు తగిలి తిరిగొస్తుంది. మన రెండు చెవులకు శబ్దం చేరే తేడాను బట్టే మెదడు దిక్కు చెబుతుంది. క్యాబిన్‌లో ఆ లెక్క తప్పుతుంది.

అందుకే ‘ఎక్కడ’ కంటే ముందు ‘ఎప్పుడు’ అడగాలి. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే మేం చేసే మొదటి పని దాన్ని మళ్లీ తెప్పించడం. ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగం కోడ్ పక్కన పెట్టేయొచ్చు. కారుకూ ఇదే పద్ధతి. ఫోన్‌లో నోట్స్ తెరిచి నాన్నతో వారం రోజులు ఇవి రాయించాను: స్పీడు ఎంత, బ్రేకు మీద ఉన్నామా, స్టీరింగ్ తిప్పామా, గతుకా, ఎండా వానా, కారులో ఎంతమంది. రాసింది అమ్మే. డ్రైవింగ్‌లో ఫోన్ ముట్టొద్దని నాన్నకు ముందే చెప్పాను.

వారం తర్వాత చూస్తే లెక్క తేలింది. హైవే మీద నున్నటి రోడ్డులో లేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఉంది. గల్లీలో మలుపు తిప్పేటప్పుడు ఉంది. ముగ్గురు కూర్చుంటే ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యమైన లైను అమ్మ రాసింది: ‘వాన పడ్డ రోజు సప్పుడు లేదు. తెల్లారి మళ్లా వచ్చింది.’

ఒక్కో టెస్టుకు సగం అనుమానితులు ఔట్

మొదటి టెస్ట్: ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, కారు ముందు భాగాన్ని ఒక పక్క చక్రం పైన రెండు చేతులతో నొక్కి వదలాలి. నాలుగైదుసార్లు ఊపాలి. మా కారు ఎడమ పక్క ఊపగానే ‘కిర్ర్’. ఈ ఒక్క టెస్టుతో ఎంతమంది తప్పించుకున్నారో చూడండి. ఇంజిన్ తిరగట్లేదు కాబట్టి బెల్టు కాదు, ఆల్టర్నేటర్ కాదు. చక్రం తిరగట్లేదు కాబట్టి బేరింగ్ కాదు, బ్రేక్ ప్యాడ్ కాదు. మిగిలింది సస్పెన్షన్: షాకప్, దాని పై మౌంట్, లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షులు, బాల్ జాయింట్, స్టెబిలైజర్ బుష్షులు, లింకు.

షాకప్ సంగతి కూడా ఇక్కడే కొంత తెలుస్తుంది. నొక్కి వదిలాక కారు ఒకసారి లేచి నిలబడిపోతే షాకప్ పని చేస్తున్నట్టే. రెండు మూడుసార్లు ఊగుతూ ఉంటే, లేదా షాకప్ ఒంటి మీద ఆయిల్ కారి దుమ్ము పేరుకుని ఉంటే అనుమానించాలి. మాది లేచి నిలబడింది. ఆయిల్ జాడ లేదు. ఎనిమిది వేలు అప్పటికి జేబులోనే ఉన్నాయి.

రెండో టెస్ట్: కారు కదలకుండా ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా తిప్పాలి. మళ్లీ అదే కిర్రు, కాస్త సన్నగా. ఇక్కడ కథ మలుపు తిరిగింది. స్టీరింగ్ తిప్పితే లోయర్ ఆర్మ్ బుష్షులు, స్టెబిలైజర్ బుష్షులు దాదాపు కదలవు. కదిలేవి షాకప్ పైనుండే మౌంట్ బేరింగ్, కింద బాల్ జాయింట్, పక్కన స్టీరింగ్ రాడ్ చివర. ఊపినప్పుడూ, తిప్పినప్పుడూ రెండింటిలోనూ కదిలేవి ఈ మూడే. పెద్ద లిస్టు రెండు టెస్టులతో మూడుకు వచ్చింది. ఖర్చు సున్నా.

మూడో టెస్ట్: ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే, బయట నిలబడినవాళ్లు స్ప్రింగు మీద అరచేతిని తేలిగ్గా ఆనించాలి. వేళ్లు కాయిల్ మధ్యలో పెట్టొద్దు. మౌంట్ బేరింగ్ పాడైతే స్ప్రింగు సాఫీగా తిరగదు. బిగుసుకుని ‘ఠంగ్’మని దూకుతుంది. మాది నెమ్మదిగా తిరిగింది. మిగిలినవి రెండు.

నాలుగోది పాత మెకానిక్‌ల డాక్టర్ ట్యూబు. పొడవాటి గట్టి కర్ర ఒక కొసను భాగానికి ఆనించి, రెండో కొసను చెవి ఎముక దగ్గర పెట్టుకోవాలి. కారు ఆగి ఉన్నప్పుడే, తిరిగే భాగాలకు దూరంగా మాత్రమే ఇది చేయాలి. రాడ్ చివర పెడితే దూరం నుంచి వచ్చినట్టుంది. బాల్ జాయింట్ దగ్గర పెడితే చెవిలోనే కిర్రుమంది.

ఇప్పుడు అమ్మ రాసిన వాన లైను గుర్తు చేసుకోండి. బాల్ జాయింట్ అంటే గిన్నెలో గుండు. మన భుజం కీలు లాంటిది. లోపల గ్రీజు నింపి, రబ్బరు తొడుగు వేసి మూసేస్తారు. తొడుగు సరిగ్గా ఉంటే లోపలికి నీళ్లు పోవు. మరి వానకు దాని సప్పుడు ఎందుకు ఆగింది? తొడుగు చిరిగింది కాబట్టి. నీళ్లే కొన్ని గంటలు కందెనలా పని చేశాయి. ఆరగానే మళ్లీ అరిచింది.

ర్యాంప్ మీద తేలిన నిజం

కారు కిందకు దూరే పని ఇంట్లో చేయొద్దు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టడం అంటే ప్రాణం పెట్టడమే. నేను మూడో మెకానిక్ దగ్గరికి వెళ్లి కారు మొత్తం చూడమని అనలేదు. “అన్నా, ఎడమ పక్క లోయర్ బాల్ జాయింట్ తొడుగు చూడు” అన్నాను. ర్యాంప్ ఎక్కించి చూశాడు. రబ్బరు చుట్టూ సగం దాకా చిరిగింది. లోపల గ్రీజు బదులు తుప్పు కలిసిన గోధుమరంగు బురద. ఇనుప కడ్డీ పెట్టి ఎత్తితే జాయింట్ కళ్ల ముందే పైకీ కిందకీ ఆడింది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మంచిగ దొరికింది తమ్మీ. ఇది ఊడితే టైరు పండుకుంటది.”

అతిశయోక్తి కాదు. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు ఉండేది అమెరికన్ ఇంజినీర్ ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో రూపొందించిన సస్పెన్షన్ పద్ధతి. చవక, తేలిక, స్థలం తక్కువ. కానీ ఇందులో చక్రం కింది భాగాన్ని కారుకు పట్టి ఉంచేది ప్రధానంగా ఆ ఒక్క బాల్ జాయింటే. అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, కారు ఆ మూల కిందకు కూలుతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా మాట వినదు. గల్లీలో ఊడితే అదృష్టం. భైంసా మీదుగా నాందేడ్ నుంచి నిర్మల్ వైపు పోయే 61వ జాతీయ రహదారి మీద, ఎదురుగా పత్తి లారీ వస్తుండగా ఊడితే ఏమవుతుందో నేను రాయను.

మా కారుకు బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిపే వస్తుంది. ఆర్మ్, మజూరీ, వీల్ అలైన్‌మెంట్ అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది. కుడి పక్క కూడా చూపించాం. తొడుగు బాగుంది, ఆట లేదు, వదిలేశాం. ఆర్మ్ మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి. లేదంటే టైరు ఒక అంచున అరిగిపోతుంది.

రెండొందల ఆయిల్ ఎందుకు ఖరీదైనది?

ఆ రోజు కింద ఆయిల్ కొట్టించి ఉంటే ఏమయ్యేది? సప్పుడు ఆగేది. వారమో పది రోజులో. నాన్న ‘బాగైంది’ అనుకుని నిజామాబాద్ బయల్దేరేవారు. జాయింట్ మాత్రం మౌనంగా అరుగుతూనే ఉండేది.

పైగా డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ లాంటివి రబ్బరుకు శత్రువులు. సహజ రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. బాగున్న బుష్షులు కూడా త్వరగా పోతాయి. ఆ చినుకులు బ్రేక్ డిస్కు మీద పడితే బ్రేకే పట్టదు. డోర్ రబ్బర్లు, డ్యాష్‌బోర్డు సందులు కిచకిచలాడితే సిలికాన్ స్ప్రే వాడండి, తప్పులేదు. సస్పెన్షన్‌కు మాత్రం స్ప్రే వైద్యం వద్దు.

మన నేలకు తగ్గ జాగ్రత్త

భైంసా చుట్టుపక్కల నల్లరేగడి నేల. పత్తికి బంగారం, కారుకు పరీక్ష. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్లు అలల్లా తేలడానికి ఇదొక కారణం. సస్పెన్షన్‌కు రోజంతా కసరత్తు. వానాకాలం ఆ బురద ఆర్ములకూ తొడుగులకూ అంటుకుని గట్టిపడుతుంది. ఎండాకాలం వేడికి పాత రబ్బరు పెళుసుబారుతుంది. పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల వైపు తిరిగే బండ్లకు దూది పీచు, దుమ్ము అదనం. కాబట్టి వానలు తగ్గాక ఒకసారి కారు కింద భాగం నీళ్లతో కడిగించి, ర్యాంప్ మీదే అన్ని రబ్బరు తొడుగులూ చూపించుకోండి. చూడటానికి పది నిమిషాలు పడుతుంది.

నీళ్లలో నిలబడిన కార్ల సంగతి వేరే చెప్పాలి. 2021 జులై వానలకు భైంసాలో లోతట్టు ప్రాంతాలు మునిగాయి. అలా మునిగిన కారుకు సీట్లు మార్చి, సెంటు కొట్టి అమ్మొచ్చు. బేరింగులు, జాయింట్లలో చేరిన నీళ్లను మాత్రం సెంటు దాచలేదు. నెలల తర్వాతైనా అరుస్తాయి.

ఫోన్‌తో చేయగల లెక్క

చక్రం తిరిగేటప్పుడు ‘కిచ్... కిచ్... కిచ్’ అని లయగా వస్తే ఫోన్‌లో రికార్డు చేసి లెక్కపెట్టండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లే చేయాలి. చిన్న కారు టైరు చుట్టుకొలత దాదాపు 1.8 మీటర్లు. 20 కిలోమీటర్ల స్పీడులో అది సెకనుకు మూడుసార్లు, 40లో ఆరుసార్లు తిరుగుతుంది. మీ కిచ్‌ల లెక్క దీనికి సరిపోతే దోషి చక్రంతో పాటు తిరిగేదే: బ్రేకు, బేరింగ్, షాఫ్ట్. స్పీడు మారకున్నా ఇంజిన్ రేజ్ చేస్తే పెరుగుతుంటే బెల్టు, పుల్లీల వైపు చూడాలి.

ఇక ఏది ఎంత అర్జెంటు?

• కారు కదపకుండా వెంటనే చూపించాల్సినవి: బ్రేకులో ఇనుము ఇనుము రాసుకునే గరగర, స్టీరింగ్ తిప్పితే వచ్చే కిర్రు, స్టీరింగ్‌లో తేడా, చక్రం ఆడటం.

• ఈ వారంలో: బ్రేక్ ప్యాడ్ కీచు, బేరింగ్ హోరు, బెల్టు అరుపు. బెల్టు తెగితే బ్యాటరీ చార్జింగ్ ఆగుతుంది. కొన్ని కార్లలో వాటర్ పంపు కూడా దాని మీదే తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ వేడెక్కి కూర్చుంటుంది.

• తీరిగ్గా: డ్యాష్‌బోర్డు, సీట్లు, డోర్ రబ్బర్ల కిచకిచ. డిక్కీలో స్టెప్నీ, జాకీ వదులుగా ఉన్నాయేమో ముందు చూడండి. చాలా ‘పెద్ద’ సప్పుళ్లు అక్కడే తేలతాయి.

కొనేముందే వినండి

పాత కారు చూడ్డానికి వెళ్తే మ్యూజిక్ సిస్టం ఆపేయమనండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. ఆపిన కారును నాలుగు మూలలా ఊపండి. నిలబెట్టి స్టీరింగ్ చివరిదాకా తిప్పండి. అద్దాలు దించి గోడ పక్కనుంచి నెమ్మదిగా నడపండి, గోడకు తగిలి సప్పుడు మీ చెవికే వస్తుంది. చివరగా ర్యాంప్ ఎక్కించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, అదీ ఒక జవాబే.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేస్తారు. మా 2012 కారుకు 2027లో ఆ పరీక్ష ఉంది. కాగితం మీద కారు వయసు రాసి ఉంటుంది కానీ, ఆరోగ్యం మాత్రం అది నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది. ఈసారి మీ బండి కిర్రుమన్నప్పుడు సౌండ్ పెంచకండి. పాట ఆపి, అద్దం దించి, ‘ఎప్పుడు?’ అని అడగండి.